అబ్బాయి గురించి వాకబు

నిఖిలకి ఉద్యోగం లేదన్న మాటే గానీ, ఆమె చేతిలో ఒక పెద్ద శాఖే ఉండేది. గోదావరి జిల్లాల్లో ఎవరింటి పిల్లకైనా సింగపూర్ సంబంధం వచ్చిందంటే, ఆ కబురు నలుగురి చెవులూ దాటి చివరికి అక్కడే బుకిట్ బటోక్‌లో ఉంటున్న ఆమె ఫోనుకి చేరేది. "కాస్త ఎంక్వైరీ చేసి పెట్టమ్మా" అనేవారు. పదిహేనేళ్ళలో పదకొండు సంబంధాలు ఆమె మాట మీద కుదరడమో చెదరడమో జరిగాయి. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు విడదీసి చెబుతుందని ఆమెకి పేరు.

ఈసారి ఫోను కాకినాడ నుంచి, సరోజిని పిన్నిది.

"మా ఆడపడుచు కూతురు ప్రణతి లేదూ, దానికేనే అమ్మలూ. అబ్బాయి పేరు శశికాంత్. ఏదో బ్యాంకులో కంప్యూటర్ల పనిట. ఉండేది హౌగాంగో ఏదో అన్నారు. వీడియోలో చూశాం. బానే ఉన్నాడు గానీ నవ్వు మొహం కాదు."

"నవ్వకపోతే తప్పేంటి పిన్నీ?"

"తప్పని కాదే. ఎందుకు నవ్వట్లేదో కనుక్కో. పిల్ల కాలేజీలో ఉద్యోగం మానేస్తానని కాగితం రాసి పెట్టుకుంది. సోమవారం ఇచ్చేస్తుంది. నీ మాట కోసమే ఆగాం."

ఆ మాట్లాడింది శనివారం పొద్దున. డైనింగ్ టేబుల్ దగ్గర కూతురు తన్మయి హోంవర్క్ చేసుకుంటోంది. ఒక ఇంగ్లీషు మాట తీసుకుని, దాన్ని ఎక్కడెక్కడ ఎలా వాడతారో రాసుకురమ్మన్నారట స్కూల్లో.

"మమ్మీ, నీ వర్డే తీసుకుంటున్నా. ఎంక్వైరీ. నువ్వు చేసేది ఏ టైపు? కౌంటర్ దగ్గర అడిగేదా, పోలీసులు చేసేదా?"

నిఖిల కూర తరగడం ఆపి ఆలోచించింది. చిన్నప్పుడు రాజమండ్రి స్టేషన్లో ఎంక్వైరీ అంటే ఒక కిటికీ, దాని వెనక విసుగు మొహంతో ఒక మనిషి. నాన్న ఆఫీసులో ఎవరి మీదైనా ఎంక్వైరీ వేశారంటే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఈ దేశంలో ఏదైనా ప్రమాదం జరిగితే పెద్దల్ని కూర్చోబెట్టి నెలల తరబడి చేయించేదీ అదే. ఇక తెలుగులోకి వస్తే ఆరా, వాకబు, భోగట్టా, కూపీ. ఆరా తీయడంలో కాస్త మర్యాద ఉంది. కూపీ లాగడంలో అది లేదు.

"నాది పెళ్ళి ఎంక్వైరీ. అబ్బాయి ఎలాంటివాడని పక్కింటివాళ్ళని, స్నేహితుల్ని, ఆఫీసువాళ్ళని అడుగుతాం."

"మరి ఆ అబ్బాయిని?"

"అతన్ని అడక్కూడదు. అడుగుతున్నట్టు తెలియనే కూడదు."

"హౌ కెన్? ప్రైమరీ సోర్స్ ఫస్ట్ అని టీచర్ చెప్పింది. జస్ట్ ఆస్క్ హిమ్ లా!" అంది తన్మయి, స్కూల్లో పట్టుబడిన సింగపూర్ ఇంగ్లీషులో.

"నీకు తెలీదులే. నీ పని చూసుకో" అని నిఖిల చీర మార్చుకుని బయల్దేరింది.

రెండు రైళ్ళు మారితే హౌగాంగ్. గుడి భజనల్లో పరిచయమైన తారాదేవి శశికాంత్ ఉండే అంతస్తులోనే, అతని పక్క ఫ్లాట్‌లో ఉంటుంది. ఆవిడ ముత్తాత కాలంలోనే ఇక్కడికి వచ్చేసిన కుటుంబం. తెలుగు, తమిళం, మలయ్ మూడూ ఒకే నోట్లో నలుగుతూంటాయి.

"వా మా, కూర్చో. మకాన్ అయిందా?" అని భోజనం సంగతి అడుగుతూనే కాఫీ పెట్టింది. విషయం చెప్పగానే ముందుకు జరిగింది. "పక్కింటి పిల్లోడా? మంచోడే. నాకోసం లిఫ్ట్ ఆపి పట్టుకుంటాడు. సిగరెట్ లేదు, గోల లేదు. కానీ..." ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా గొంతు తగ్గించింది. "సండే సండే ఒక చీనా పిల్ల వస్తాది. పొద్దున వచ్చి రాత్రికి పోతాది. ఆ దినం అంతా నవ్వులే. గోడ ఇవతలికి వినబడతాయి."

"మీరు చూశారా ఆంటీ, ఎవరైనా చెప్పారా?"

"కళ్ళతో చూశాను. చైనీస్ న్యూ ఇయర్‌కి నాకు కమలాపళ్ళు కూడా ఇచ్చింది ఆ పిల్ల. నల్ల పిల్ల."

నల్ల పిల్ల అంటే ఆవిడ భాషలో మంచి పిల్ల అని.

సెలవు తీసుకుని నిఖిల లిఫ్ట్ దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. సరోజిని పిన్ని. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కళ్ళారా చూసిన మనిషి చెప్పిందే కనక తప్పూ లేదు. కానీ అది కాకినాడ చేరేసరికి కాపురమే పెట్టాడన్నట్టు అవుతుంది. అక్కణ్ణుంచి మూడు జిల్లాలు తిరుగుతుంది.

మూడేళ్ళ కిందట కౌశిక్ అనే అబ్బాయి విషయంలో అదే జరిగింది. నెల రోజులుగా ఆఫీసుకి రావట్లేదని విని, విన్నట్టే చెప్పింది. ఉద్యోగం ఊడిందట అన్నారు అవతల. సంబంధం తప్పిపోయింది. ఆ నెలంతా అతను తల్లి మంచం పక్కన ఉన్నాడని ఆవిడ పోయాక తెలిసింది. ఒక్కరూ అతన్ని అడగలేదు. తనూ అడగలేదు.

నిఖిల ఫోను ఎత్తలేదు. వెనక్కి నడిచి శశికాంత్ గుమ్మం ముందు బెల్ నొక్కింది.

తడి చేతులతో వచ్చాడతను. ముప్ఫై దాటి ఉండవు.

"నా పేరు నిఖిల. ప్రణతి వాళ్ళ తరఫున మీ గురించి ఎంక్వైరీ చేయడానికి వచ్చాను."

అతను ఇనప గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "నా గురించి నన్నే అడుగుతారేంటాంటీ?"

"అందరికంటే మీకే బాగా తెలిసుంటుందని."

గేటు తీశాడు. కూర్చోగానే నిఖిల అడగవలసింది అడిగేసింది. అతను దాచలేదు.

"పేరు మెయ్ లింగ్. నాలుగేళ్ళయింది. మా నాన్నగారికి కిందటేడే చెప్పాను. 'సరే విన్నాను' అన్నారు. మర్నాటి నుంచీ సంబంధాలు చూడ్డం మొదలెట్టారు."

"ప్రణతితో వీడియోలో మాట్లాడారు కదా?"

"చుట్టూ పదిమంది ఉన్నారాంటీ. అక్కడ వాన పడుతోందా అని అడిగారు. పడుతోందన్నాను." అతను ముందుకు వంగాడు. "ఒక్క సాయం చేయండి. నేను తాగుతానని చెప్పేయండి. కావాలంటే పేకాట కూడా కలపండి. వాళ్ళే వద్దంటారు. నాన్న కోపం వాళ్ళ మీదకి పోతుంది."

"తాగుతారా?"

"లేదు."

"పేకాట?"

"ఆడటమే రాదు."

"మరి లేనివి నేనెలా చెప్పను?"

"అందరూ చెప్పేవి అవే కదాంటీ."

ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. "ఆ అమ్మాయి సోమవారం ఉద్యోగం వదిలేస్తోంది, మీ కోసం. తెలుసా?" అంది నిఖిల.

అతని మొహం మారిపోయింది. "నాకెవరూ చెప్పలేదు."

"మీరూ అడగలేదు."

ఫోను మళ్ళీ మోగింది. నిఖిల దాన్ని అతని ముందు పెట్టింది. "నాన్నగారితో ఎప్పుడు తేల్చుకుంటారో మీ ఇష్టం. ఆ పిల్లకి మాత్రం ఈ రోజే తెలియాలి. నేను చెబితే అది దారిలో ఇంకోటైపోతుంది."

అతను చేతులు చొక్కాకి తుడుచుకుని ఫోను తీసుకున్నాడు. "నమస్కారమండీ. నేను శశికాంత్‌ని."

అవతలినుంచి పిన్ని కేక గదంతా వినబడింది. "ఎవరూ? పెళ్ళికొడుకా? మా నిఖిలేదీ?"

"ఇక్కడే ఉన్నారండీ. ప్రణతిగారి నంబరు ఇస్తారా? ఆవిడతోనే ఒక మాట చెప్పాలి."

నిఖిల లేచి చెప్పులేసుకుని వరండా చివరికి వెళ్ళిపోయింది. మాటలు చెవిన పడనంత దూరం నడిచి, అక్కడ ఆగింది. కింద బస్సులు వచ్చిపోతున్నాయి. నాలుగో బస్సు వెళ్ళాక అతను వచ్చి ఫోను ఇచ్చాడు.

"ఇంక జన్మలో మీకు ఎంక్వైరీ అప్పజెప్పనని చెప్పమన్నారు మీ పిన్నిగారు."

"అంటుంది. ఆ అమ్మాయి ఏమంది?"

"ఆ రాజీనామా కాగితం ఇవ్వనంది." అతను గోడ వైపు తిరిగాడు. "ఇప్పటికైనా చెప్పినందుకు థాంక్స్ అంది ఆంటీ. తిట్టి ఉంటే బావుండేది."