అద్దం వెనక ఎండ

వరసకి తోటికోడలే అయినా నాకు అక్కే. ఆవిడని చూసి జబ్బు మనిషి అని ఎవరూ అనుకోరు, దుక్కలా ఉంటుంది. ఆస్పత్రి సెల్లార్‌లో దుప్పట్లు ఉతికే చోట ఉద్యోగం. తడిబట్టలు నిండిన బండిని ఒంటిచేత్తో నెట్టేసేది. తెల్లారకముందే అందులోకి దిగి, చీకటి పడ్డాక పైకొచ్చేది. సెలవురోజున ఇంటెడు చాకిరీ. పగలు ఆకాశం ఎలా ఉంటుందో ఆవిడకి క్యాలెండర్ బొమ్మలో చూపించాల్సిందే.

అలాంటి మనిషి ఒకనాడు మెట్ల దగ్గర ఆగిపోయింది. తొడలు లాగేస్తున్నాయంది. తర్వాత నడుం, ఆపైన పక్కటెముకలు. కింద కూర్చుంటే గోడ పట్టుకుని గానీ లేవలేకపోయేది. ఆవిడ మొగుడు, అంటే మా బావగారు, మొదటిరోజే తేల్చేశారు, నాటకమని. పని ఎగ్గొట్టడానికి వేషాలన్నారు. కంచం పెట్టడం ఆలస్యమైనా నాటకమే, నిద్రలో మూలిగినా నాటకమే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మా ఆయనేమో అన్నగారి ముందు నోరు మెదపడు. ఆయన సంగతి వదిలేయండి.

చివరికి నేనే ఆవిడని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. రక్తపరీక్షలో డి విటమిన్ అడుగంటిందని తేలింది. దాంతో ఎముకలు మెత్తబడుతున్నాయట. ఇంత పుష్టిగా ఉన్న మనిషికా అని నోరెళ్లబెట్టాను. పుష్టి చూసి మోసపోవద్దంది డాక్టరమ్మ. ఎండ తగలని పని, ఒళ్లంతా కప్పే బట్టలు, దానికి తోడు లావు. నల్లటి చర్మానికి ఎండ మరికాస్త ఎక్కువ కావాలట. మాత్రలు రాసిచ్చి, రోజూ కాసేపు చేతులూ కాళ్లూ ఎండకి పెట్టమంది. పనికి సెలవు పెట్టమంది.

జబ్బుకి పేరంటూ ఉందని తెలిశాక బావగారు దిగొచ్చారు. కాకపోతే మేడ మీద చేతులు బయటపెట్టుకుని కూర్చుంటే చుట్టుపక్కలవాళ్లు చూస్తారని ఆయనకి నామోషీ. అందుకని ముందుగదిలో, తెరవడానికి వీల్లేని పెద్ద అద్దాల కిటికీ దగ్గర తన చేత్తోనే కుర్చీ వేశారు. అక్కడ ఎండ బాగా పడుతుంది, ఒళ్లు చురుక్కుమంటుంది. ఇంత ఎండ ఉండగా మాత్రలెందుకు, వేడి చేస్తుందని వాటిని అలమారలో పెట్టేశారు. నేను పోట్లాడితే, పెద్దలకి చెప్పేంతదానివయ్యావా అన్నారు. అక్క మాత్రం రోజూ బుద్ధిగా ఆ అద్దం వెనక కూర్చునేది. ఎలా ఉందని అడిగితే నయమే అనేది. నేనూ నమ్మాను.

నెలన్నర తర్వాత ఒక పొద్దున కుర్చీలోంచి లేచి, రెండడుగులు వేసి కూలబడిపోయింది. జారలేదు, దేనికీ తగల్లేదు. ఉట్టి నడకకే తుంటి ఎముక విరిగింది.

ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ, ఎండలో కూర్చోలేదా అని అడిగింది. బావగారు కిటికీ సంగతి గొప్పగానే చెప్పారు. అద్దంలోంచి వేడి వస్తుంది గానీ, ఒంట్లో విటమిన్ పుట్టించే కిరణాలు రావని ఆవిడ అనేసరికి, బావగారి మొహాన కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. లేకపోతే నాకేం? నా కసి తీరలేదు. ఆపరేషన్ చేస్తారట. నడిచినా ఇకమీదట కర్ర ఉండాల్సిందేనట.

ఆయన మందుల కోసం బయటికి వెళ్లాక మంచం పక్కన చేరాను. నాకు దుఃఖం ఆగలేదు.

"నొప్పి తగ్గట్లేదని నాకైనా చెప్పొచ్చుగా అక్కా?"

"తగ్గిందెక్కడ? రోజురోజుకీ ఎక్కువే అయింది."

"మరి అడిగినప్పుడల్లా నయమే అన్నావేంటి?"

అక్క నావైపు చూడలేదు. మొహం గోడ వైపు తిప్పుకుని, మెల్లగా అంది.

"తగ్గలేదంటే మళ్లీ నాటకమంటారుగా. ఈ నెలన్నరా ఆ మాట ఒక్కసారి కూడా అనలేదే ఆయన."