రెండు గొంతుల పెట్టె

మంగళవారం నుంచి నా భార్య గౌరీశ్వరి మాటలు హోమ్ థియేటర్ మధ్య స్పీకరులోంచి వస్తున్నాయి. ఆమె వంటింట్లో నిలబడి పెదవులు కదుపుతుంది. మాట మాత్రం హాల్లో, టీవీ కింద వినపడుతుంది. "బావా, కందిపప్పు ఐపోయింది" అంటుంది స్పీకరు. నేను వెళ్ళి కందిపప్పు తెస్తాను.

మొదటిరోజు నాకు బాగానే ఉంటుంది. పద్దెనిమిదేళ్ళు జూట్ మిల్లులో మగ్గాల మోత మధ్య పనిచేసినవాణ్ణి. మిల్లు మూతపడక ముందే నా చెవులు సగమయ్యాయి. ఆ సగం చెవుల కోసమే, పెళ్ళైన ఏడాది, ఎవరో వాడి వదిలేసిన ఈ సెట్టు కొన్నాను. ఇన్నేళ్ళకి నా భార్య అనే ప్రతి మాటా ఆఖరి అక్షరంతో సహా వినపడుతోంది. మాట చివర ఆమె చిన్నగా ఊపిరి వదులుతుందని నాకు ఇప్పుడే తెలుస్తోంది.

గురువారం మా అమ్మాయి మోక్షిత గొంతు ఎడమ స్పీకరులోకి మారుతుంది. దానికి ఆరేళ్ళు. అది వీధిలో ఆడుకుంటూ కిందపడితే ఏడుపు ఇంట్లో వినపడుతుంది. నేను చెప్పులు వేసుకుని బయటికి పరిగెడతాను.

ఇబ్బంది టీవీ కింది రిసీవరు పెట్టెతోనే. ఏ గొంతైనా ముందు దానిలోకి వెళ్ళి, అక్కడ బలం పుంజుకుని, అప్పుడు స్పీకర్లకు చేరుతుంది. అది పాతబడింది. నలభై నిమిషాలు పనిచేసేసరికి వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ముందువైపు ఎర్రదీపం కొట్టుకుంటుంది. అది చల్లారేదాకా మా ఇంట్లో తల్లీకూతుళ్ళిద్దరికీ మాట లేదు. శుక్రవారానికి నలభై నిమిషాలు ఇరవై అవుతాయి.

గౌరీశ్వరి అంగన్‌వాడీ టీచరు. గొంతు ఇంట్లో ఉంది కాబట్టి పిల్లలు ఇంటికే వస్తున్నారు. పదకొండు మంది చాప మీద స్పీకరుకెదురుగా కూర్చుంటారు. ఆమె వాళ్ళ వెనక నిలబడి అంకెల పాట చెబుతుంది. ఏడు దగ్గర రిసీవరు ఆగిపోతుంది. పిల్లలు ఏడు దగ్గరే ఉండిపోతారు. ఆ పూట విజయనగరం గంటస్తంభం ఏడు తర్వాత తొమ్మిది కొడుతుంది. ఎవరూ ఏమీ అనరు.

శనివారం సూపర్‌వైజరు వస్తుంది. చాప చివర కూర్చుని, పిల్లలతోపాటు ఏడు వరకు నేర్చుకుని లేస్తుంది.

"గౌరీశ్వరీ, సోమవారం నాటికి నీ గొంతు నిలకడగా ఉండాల. లేపోతే ఇంకో టీచర్ని ఎయ్యమని రాసేస్తాను. నాకూ పైనోళ్ళున్నారు కదమ్మా."

ఆమె వెళ్ళాక, రిసీవరు చల్లారాక, స్పీకరు మెల్లగా అంటుంది. "కొత్తది కొను బావా. సోకులేటీ వద్దు. చాన్నాళ్ళు ఉండీది చూడు."

మా దగ్గరున్నది కొంచెమే. దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని స్పీకర్లు అమ్మే తవిటినాయుడి షాపుకి వెళ్తాను.

తవిటినాయుడి షాపు వాకిలి మామూలుగానే ఉంటుంది. లోపల మాత్రం ఖరీదు పెరిగేకొద్దీ దూరం పెరుగుతుంది. చౌక పెట్టెలు గుమ్మం పక్కనే ఉన్నాయి. మంచివి చూడాలంటే నడవాలి. అన్నిటికంటే మంచివాటికోసం బయల్దేరినవాళ్ళు క్యారేజీలు కట్టుకుని, గొడుగులు పట్టుకుని వెళ్తున్నారు. వాళ్ళ వీపులు దూరంగా చీమల్లా కనపడుతున్నాయి. నా డబ్బు నాలుగో స్తంభం దాకా వస్తుంది. అది దాటి అడుగేస్తే గచ్చు తడిబంకమన్నులా కాలికింద దిగిపోతుంది.

"ఎనక్కి రండి బాబూ. మీకు అక్కడిదాకానే" అంటాడు తవిటినాయుడు.

నాలుగో స్తంభం దగ్గర ఒక పెట్టె ఉంది. దాని ముఖం నిండా నీలం దీపాలు.

"తొమ్మిది ఛానళ్ళు, తొమ్మిది గొంతులు. వెయ్యి వాట్లు."

"వెయ్యి వాట్లూ ఎప్పుడూ వస్తాయా?"

"ఒక్క ఛానలు, ఒక్క సిటికె సేపు మోగితే వస్తాయి. తొమ్మిదీ మోగితే పంచుకుంటాయి."

పెట్టెను ఎత్తి చూస్తాను. ఖాళీ బిస్కెట్ల డబ్బాలా లేస్తుంది. నేను చేతులు తీసినా ఇంకా లేస్తూనే ఉంటుంది. తవిటినాయుడు బూజుకర్రతో దాన్ని కప్పు దగ్గర్నుంచి కిందికి లాగుతాడు.

"ఇది ఎన్నాళ్ళుంటుంది?"

"గ్యారంటీ మూడేళ్ళు."

"తర్వాత?"

"తర్వాత కూడా మీ ఆవిడ మాటాడాల అనుకుంటన్నారేటి?"

ఆ ప్రశ్నలో వెటకారం లేదు. అతని చేతిలో కాగితం ఉంది, అందులో ఆ ప్రశ్నకి ఒక గడి ఉంది. నేను అవునంటాను. అతను గడిలో రాసుకుని, కాగితం మడిచి, గౌరవంగా నాకిస్తాడు.

"అయితే నా కాడ నేదు బాబూ. బంగారాచారి కాడికి ఎల్లండి. సచ్చినవాటిని ఎరిగినోడికే బతికీవి తెలుస్తాయి."

బంగారాచారి రిపేరు కొట్టు రెండు వీధుల అవతల ఉంది. గది నిండా విప్పిన రిసీవర్లు నేల నుంచి కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఒక్కోదానిలో దాని గుండా చివరిసారి వెళ్ళిన మాట చిక్కుకుపోయి ఉంది. ఒకటి "ఉప్పు" అంటుంది. ఒకటి "వస్తన్నా" అంటుంది. కిటికీ దగ్గరది "తలుపు, తలుపు" అంటూనే ఉంటుంది. బంగారాచారి దాని మీద తువ్వాలు కప్పి నా వైపు తిరుగుతాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు తాడుతో కట్టుకున్నాడు.

నేను జరిగింది చెబుతాను. ఆయన అడ్డురాకుండా వింటాడు.

"పేరు సూడకు, దీపాలు సూడకు. ఎత్తి సూడు. లోపల రాగి ఎంతుంటే బరువంత. పైన గాలాడ్డానికి సిల్లులుండాల. అంతే బాబూ. ఇంకో మాట సెప్పమంటావా? నా కాడికి రాని పెట్టె కొనుక్కో."

"రానిది నాకెలా దొరుకుతుంది?"

ఆయన లేచి వెనక తలుపు తీస్తాడు. "రిపేరుకి రానివన్నీ ఈ గదిలో ఉంటాయి."

గది ఖాళీగా ఉంది. చెక్క నేల మాత్రం అక్కడక్కడ బరువుకి కుంగి ఉంది. కుంగినచోట వంగి చెయ్యి పెడతాను. చల్లటి ఇనుము తగులుతుంది. పైన వరసగా చిల్లులు. ముందువైపు ఒకే ఒక్క గుండ్రటి మర. దాన్ని తిప్పితే మంచి తాళంలా మెత్తగా తిరుగుతుంది. ఎత్తడానికి ప్రయత్నిస్తాను. మిల్లులో జనపనార బేళ్ళు మోసిన వీపుకే దాని బరువు తెలుస్తుంది.

ఎన్ని ఛానళ్ళని అడగబోతాను. నోరు తెరుస్తాను. శబ్దం రాదు.

జేబులో ఫోను మోగుతుంది. గౌరీశ్వరి. ఫోనును ఆచారి బల్లమీద పెట్టి స్పీకరు నొక్కుతాను.

"బావా, ఎనకాల కుడి స్పీకర్లోంచి నువ్వు 'ఎన్ని ఛానళ్ళు' అంటన్నావు. పిల్లలు ఎనక్కి తిరిగి సూస్తన్నారు. నీది కూడా వొచ్చేసిందా?"

వచ్చేసింది. "ఆయన మాట ఈడ రాదమ్మా, నాను బంగారాచారిని" అంటాడు ఆచారి.

"ఆచారి గారూ, ఆయన తరఫున నానడుగుతాను. అది ఎన్ని ఛానళ్ళు?"

"రెండమ్మా."

"ఐదుది నేదా?"

"మీ డబ్బుకి ఐదుది ఇస్తాను. నాలుగేళ్ళకి అది నా ముందుగదిలోకి వొచ్చేస్తాది. ఈ రెండుదైతే మీ పిల్ల ముసిల్దయినా పలుకుతాది."



"మేం ముగ్గురం కదా ఆచారి గారూ" అంటుంది గౌరీశ్వరి.

"అదేనమ్మా."

"ఐదుదే తెచ్చీ బావా. నాలుగేళ్ళు సాలు. ముగ్గురం కూకుని మాటాడీసుకుని, ఉన్నదంతా ఐపోగొట్టీదాం."

నేను వద్దంటాను. ఆ మాట ఇంట్లో కుడి స్పీకరులోంచి వస్తుంది. నాలుగేళ్ళకి మోక్షితకి పదేళ్ళని చెబుతాను. పదేళ్ళ పిల్ల తల్లిని అడగాల్సినవి అప్పుడే మొదలవుతాయి. నేను పద్దెనిమిదేళ్ళు మోతలో చేతులతో మాట్లాడి బతికాను, ఇంకొన్నాళ్ళు బతకగలను. ఇవన్నీ పెదవులతో అంటుంటే ఆచారి నా ముఖం చూడలేక కళ్ళజోడు తుడుచుకుంటాడు.

"నీకోసం వద్దంటన్నావా, మాకోసం వద్దంటన్నావా?" అంటుంది ఆమె. "నాకు తెలీదనుకున్నావేటి? నువ్వు మిల్లు నుంచి వొచ్చి ఒక్క మాటయినా ఆడకుండా అన్నం తినీవోడివి. ఆ రోజుల్లో నానెంత... బావా, నువ్వు గాని..."

అక్కడ తెగిపోతుంది.

ఎర్రదీపం కొట్టుకుంటూ ఉంటుందని, పెట్టె చల్లారేదాకా ఆగాలని నేను అనుకుంటాను. ఆచారి ఫోనును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. నాకిస్తాడు. కాలిన లక్క వాసన.

"ఈసారి మీ పాత పెట్టె లెగదు బాబూ. ట్రాన్స్‌ఫార్మర్ ఎలిపోయింది."

ఆమె ఏమనబోయిందో అడగడానికి ఇంకొక్క నిమిషమైనా ఉంటే బాగుండును. ముందుగదిలో రిసీవర్లన్నీ ఒక్కసారి ఊరుకుంటాయి, తువ్వాలు కింద ఉన్నది కూడా. నేను జేబులో ఉన్నదంతా బల్లమీద పెడతాను. ఖాళీ గదిలోకి వెళ్ళి, మోకాళ్ళు వంచి, రెండు ఛానళ్ళదాన్ని భుజానికెత్తుకుంటాను. వెనక ఆచారి గొంతు వినపడుతుంది. "గోడకి ఆనించకు. ఊపిరాడాల దానికి."

ఆటోవాళ్ళు ఆగరు. కనపడని బరువుకి కిరాయి ఎంత అడగాలో వాళ్ళకు తెలియదు. నడుస్తాను. తారురోడ్డు నా అడుగుకి చీలమండల దాకా దిగుతుంది. మధ్యాహ్నపు ఎండలో నా వెనక గుంటల వరస మిగులుతుంది, పిచ్చుకలు దిగి అందులో స్నానం చేస్తున్నాయి. గుంటల్లోకి నీళ్ళు ఎక్కడివో నేను ఆలోచించను. నాలుగుసార్లు ఆగుతాను. ఐదోసారి ఆగితే మళ్ళీ ఎత్తలేనని తెలుసు కనుక ఆగను.

ఇంట్లో పదకొండుమంది పిల్లలూ చాప మీదే ఉన్నారు. గౌరీశ్వరి వాళ్ళ వెనక నిలబడి పెదవులు కదుపుతూనే ఉంది. ఎన్నిసార్లు చెప్పిందో, పెదవులు పగిలాయి. మోక్షిత నా కాళ్ళను పట్టుకుని ఏదో అడుగుతుంది. ఏమడుగుతోందో నాకు అందదు.

పాతది తీసేసి కొత్తది పెడతాను. బిగించగానే అందరికీ కనపడుతుంది, బూడిదరంగు ఇనప్పెట్టె. వెనక రెండే జతల కన్నాలు. మధ్య స్పీకరు తీగ ఒకదానికి, ఎడమ స్పీకరు తీగ రెండోదానికి బిగిస్తాను. మర తిప్పుతాను.

"నాన్నా, ఇది మనదేనా?" అంటుంది ఎడమ స్పీకరు. గది గోడలు స్పష్టంగా నిలబడతాయి.

పిల్లలు పాట పదకొండు దాకా నేర్చుకుంటారు. సోమవారం సూపర్‌వైజరు వచ్చి, విని, సంతకం పెట్టి వెళ్తుంది. గౌరీశ్వరి పని నిలబడుతుంది.

నా తీగ మిగిలిపోతుంది. గౌరీశ్వరి దాని కొన పట్టుకుని పెట్టె వెనక చేత్తో తడుముతుంది. మూడో కన్నం కోసం ఆ సాయంత్రమంతా వెతుకుతుంది. లేదని నేను తల ఊపుతున్నా ఆపదు. చివరికి తీగను చుట్టచుట్టి పోపులపెట్టెలో పెట్టి మూత వేస్తుంది.

రెండు రోజులు ఆమె నాతో మాట్లాడదు. పెట్టె బాగానే పనిచేస్తోంది. ఈ మౌనం ఆమెదే.

మూడోరోజు, నేను మాట్లాడితే పెట్టె మూత వెచ్చబడుతుందని మోక్షిత కనిపెడుతుంది. గౌరీశ్వరి వచ్చి అరచెయ్యి పెట్టి చూస్తుంది. "ఏటంటన్నావు?" అంటుంది. నేను ఆ రోజు ఫోనులో ఏమనబోయావని అడుగుతున్నాను. ఆమె అరచేతికి అది వేడిగానే తెలుస్తుంది. "ఆకలేస్తందా?" అంటుంది. కాదంటాను. మూత ఇంకొంచెం వెచ్చబడుతుంది. ఆమె వెళ్ళి అన్నం వడ్డించి తెస్తుంది. నేను తింటాను.

రోజూ ప్రయత్నిస్తాం. పొడుగు మాటకి ఎక్కువ వేడి, పొట్టి మాటకి తక్కువ. అంతకుమించి ఏదీ దాటదు. ఒకరోజు ఆమె చెంప ఆనించి వింటుంది. చెంప మీద చిల్లుల వరస అచ్చుపడుతుంది, మాట మాత్రం పడదు.

తర్వాతి వారం పావురం కిటికీలోంచి వచ్చి మూత మీద రెండు గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. తిరిగి రాదు. నేను ఊరుకుంటే గుడ్లు చల్లబడతాయి. అందుకని మాట్లాడతాను. మగ్గం దగ్గర నా పక్కన నిలబడిన సింహాద్రి గురించి చెబుతాను. మిల్లు మూసిన రోజు నుంచి ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా, ఇరవైరోజులు క్యారేజీ పట్టుకుని రైల్వే స్టేషన్‌లో కూర్చున్న సంగతి చెబుతాను. గౌరీశ్వరితో ఎప్పుడూ అనని మాటలు చెబుతాను. ఆమె బట్టలు మడతపెడుతూ, మూత వేడి చూసి, ఇవాళ చాలా మాట్లాడుతున్నావని తల ఊపుతుంది.

పద్దెనిమిదోరోజు పొద్దున ఒక గుడ్డు పగులుతుంది. నేను వంగి పగులులోంచి చూస్తాను. లోపల పిల్ల లేదు. సున్నం వేసిన చిన్న గది ఉంది, దీపం వెలుగుతోంది. ఒక ముసలామె పీట మీద కూర్చుని, ఒక చేత్తో చెవి ముందుకు వంచుకుని, గోడవైపు ఒరిగి ఉంది. ఆమె చెంప మీద చిల్లుల వరస అచ్చు ఉంది. నేను మాట్లాడుతూనే ఉంటాను. ఆమె పీటను ఇంకొంచెం గోడ దగ్గరకి జరుపుకుంటుంది.