లోపల గుడ్డ వదలని చొక్కా

దర్జీ తాతకు మధ్యాహ్నం కునుకు పట్టినా కాలు మాత్రం మిషను తొక్కుతూనే ఉంటుంది. ఆ రోజూ అంతే. కిటికీకి తగిలించిన చేతుల్లేని తెల్ల చొక్కాలోంచి ఎండ వడకట్టుకుని మెల్లగా కొట్లోకి దిగుతోంది. ఆ వెలుతురులోనే ఆయనకు కల వచ్చింది. ఎక్కడో పరుగు పందెం. తను కుట్టిన చొక్కా అందరికన్నా ముందు పరిగెడుతోంది. జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. తీరా దగ్గరికొచ్చాక చూస్తే చొక్కాలో మనిషి లేదు.

ఉలిక్కిపడి లేచాడు. ఎదురుగా మనవరాలు.

"కలలో కూడా కుడుతున్నావా తాతయ్యా?"

"నీదేనే ఉడతా. తొడుక్కో, చూద్దాం."

ఉడత అన్న పేరు ఆయన పెట్టిందే. ఏడేళ్ల వయసులో దాని కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. ఇప్పుడు పందొమ్మిది. ఆదివారం పరుగులో గెలిస్తే దేశపు జట్టులో చోటు. ఏ పందేనికైనా చొక్కా తాతే కుట్టాలి, వేరే చొక్కా వేసుకోదు. పెరిగే పిల్ల కదా అని ఏటా కుట్టు లోపల అంగుళం గుడ్డ వదిలేవాడు. ఈసారి వదల్లేదు. ఎదగాల్సినంత ఎదిగింది, ఇక దీని కొలత ఇదే అని మురిసిపోయి, రెండు నెలల కిందటి కొలత గీత మీదే కత్తెర నడిపించాడు.

ఉడత తెర వెనక్కి వెళ్లి వచ్చింది. చొక్కా భుజాల మీద బిగుసుకుపోయింది. చంకల్లో కోసుకుపోతోంది.

"కొలత తప్పావు తాతయ్యా," అని నవ్వబోయింది. గొంతు కాస్త బొంగురుగా ఉంది.

యాభై ఏళ్ల చేతిపని. కొలత తప్పడమా? పెద్దాయన టేపు తీశాడు. భుజాలు అంగుళమున్నర పెరిగాయి. చంక చుట్టూ అంగుళం. మనుషులు ఎన్ని కబుర్లయినా చెబుతారు గానీ టేపుకు మొహమాటం తెలీదు.

"ఏం మింగుతున్నావే?"

ఉడత గోడకేసి చూస్తూ చెప్పింది. "సూదిమందు. వారానికొకటి. కోచ్ సారే ఇస్తున్నారు. అందరూ వేసుకుంటున్నారు తాతయ్యా. పైవాళ్లు దీన్ని అందరికీ ఒప్పుకుంటే ఈ దొంగచాటు వ్యవహారమే ఉండదు."

"వాపుని చూసి బలుపనుకుంటున్నావు."

"మరి నీ కళ్లజోడో? అది తీసేసి సూదిలో దారం ఎక్కించు చూద్దాం. అదీ సాయమేగా?"

ఇది లాయరు కావాల్సిన పిల్ల, పొరపాటున పరుగులో పడింది. ఆయన నెమ్మదిగా కళ్లజోడు తీశాడు. చొక్కా, ఎండ, పిల్ల, అన్నీ కలిసిపోయి ఒకే తెల్లటి మసకయ్యాయి. ఆ మసకలో నిలబడింది ఏడేళ్లదో పందొమ్మిదేళ్లదో తెలియలేదు. ఆయనకు ఏడుపొచ్చింది.

"ఇదిగో, తీసి బల్ల మీద పెట్టాను. నువ్వు ఆ భుజాలు తీసి పక్కన పెట్టమ్మా."

ఉడత చొక్కా అంచు లాక్కుంటూ అంది, "ఆదివారానికి ఇంకోటి కుట్టు తాతయ్యా. నీ చొక్కా లేకుండా నేనెప్పుడూ పరిగెత్తలేదు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని కొలతల పుస్తకం తెరిచాడు. ఉడత పేజీలో పన్నెండేళ్ల అంకెలున్నాయి, బొమ్మకు కుట్టినంత చిన్న కొలత నుంచి మొదలుపెట్టి. ఆ పేజీ దాటించి, చిట్టచివర ఖాళీ పేజీ తీసి పెన్సిలు పట్టుకున్నాడు.

"కుడతాను. కొట్టుకు వచ్చిన వాళ్లకు లేదనడం నాకు చేతకాదు. పేరు చెప్పండి."

"తాతయ్యా..."

"ఈ కొలతలు మా ఉడతవి కావు. ఎవరివో నాకు తెలీదు. పేరు చెబితే రాసుకుంటాను."

ఆమె చొక్కా విప్పి, మడిచి, మిషను మీద పెట్టి వెళ్లిపోయింది. కన్నబిడ్డ కన్న బిడ్డను పట్టుకుని ఎవరివో అంటానా అని తాత రెండు రోజులు తనను తానే తిట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పరుగు. ఎనిమిది కొడుతుండగా ఉడత ఇంటి బట్టల్లో వచ్చి కొట్లో స్టూలు మీద కూర్చుంది.

"పరుగో?" అన్నాడు తాత.

"పేరు తీయించేశాను. ఎందుకో కూడా పైవాళ్లకు రాసిచ్చాను."

"మళ్లీ ఎప్పుడు రానిస్తారు?"

"ఏళ్లు పట్టొచ్చన్నారు. అసలు రానిస్తారో లేదో." గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. చేయి చాచి కొలతల పుస్తకం అందుకుంది. చివరి ఖాళీ పేజీ నుంచి ఒక్కొక్కటే వెనక్కి తిప్పుకుంటూ తన పేజీ దగ్గర ఆగింది. "కొలత తీయి తాతయ్యా."

ఆయన భుజాల మీద టేపు పరిచాడు. నూలుపోగంత కూడా తగ్గలేదు. ఆ అంకెను ఉడత పేజీలోనే, అన్ని అంకెల కింద రాశాడు.