రెక్క మీద లేని పేరు

రెజిమెంటల్ బజార్ వెనక సందులో, ఒక ప్రైవేటు ఆస్పత్రి గోడని ఆనుకుని నిద్రగన్నేరు చెట్టుంది. దాని మీద రెండొందల కొంగలు కాపురముంటాయి. పొద్దున ఆరింటికి లేచి నాలాకి పోతాయి. ఆస్పత్రి వదిలే నీళ్లు, కోళ్లఫారాల నీళ్లు, ఎగువన మందుల ఫ్యాక్టరీ గుట్టుగా వదిలే నీళ్లు, అన్నీ కలిసేది ఆ నాలాలోనే. అక్కడ పురుగూ పుట్రా ఏరుకు తిని సాయంత్రానికి తిరిగొస్తాయి. ఏ మందుకి రోగం లొంగడం మానేసిందో ఆ మందు పేరు వాటి తెల్లటి రెక్కల మీద నీలం సిరాతో రాసి ఉంటుంది.

ఇందులో వింతేముందని సందులోవాళ్లు అనుకునేవారు. వాళ్ల గొడవంతా స్కూటర్ల సీట్ల మీద పడే రెట్టల గురించే. పైగా ఆ రాత అచ్చం డాక్టర్ల చేతిరాత. ఎవరికీ అక్షరం అర్థమయ్యేది కాదు.

పూడిక తీసే కూలీ పర్వతాలు పని కూడా ఆ నాలాలోనే. కొంగలకి బూట్లు లేవు, కాంట్రాక్టరు పర్వతాలుకీ ఇవ్వలేదు. ఆ ఏడు, అంటే రెండువేల పదకొండులో, బోనాల ముందు పూడిక తీస్తుంటే సీసా పెంకు పాదంలో దిగింది. సందు చివర బ్రహ్మచారి నడిపే మెడికల్ షాపులో రెండు రోజులకి సరిపడా గోలీలు తెచ్చుకున్నాడు. జ్వరం తగ్గగానే ఆపేశాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ తెచ్చుకున్నాడు, మళ్లీ ఆపేశాడు. మూడో వారానికి కాలు మోకాలిదాకా వాచి నల్లబడింది. భార్య లచ్చమ్మ ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తెచ్చింది.

ఆ ఆస్పత్రి ల్యాబులో దేవకృప టెక్నీషియను. పుండులోంచి తీసిన చీముని ప్లేటులో పెంచి, మందు బిళ్లలు పెట్టి చూసింది. రిపోర్టులో మందు పనిచేస్తే ఎస్ అని రాస్తారు, పనిచేయకపోతే ఆర్ అని. పద్నాలుగు మందులకి పద్నాలుగు ఆర్‌లు వచ్చాయి.

డాక్టర్ జ్ఞానశేఖర్ ఆ కాగితం చూశాడు. విషం ఒంట్లోకి పాకకముందే, శనివారం పదింటికి, మోకాలి కింద కాలు తీసేయాలన్నాడు. లచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పర్వతాలు మాత్రం దేవకృపని చూసి నవ్వాడు.

"కొంగ ఒంటికాలి మీద నిలబడ్తది. నాతోని అయితదా మేడమ్?"

ఆ నవ్వుని ఆమె భరించలేకపోయింది.

అదే రోజు మేనేజరు జోగారావు ఆమెని గదికి పిలిపించాడు. ఈ క్రిముల్ని పక్షులే మోసుకొస్తున్నాయని పేపర్లో వేశారనీ, చెట్టు కొట్టడానికి అనుమతి అడిగాననీ చెప్పాడు. ఆస్పత్రికి చెడ్డపేరు రాకముందే కొంగలు ఖాళీ చేయాలట.

"కొంగ ఏ మెడికల్ షాపుకి వెళ్లింది సార్?" అంది దేవకృప. "ఏ కోళ్ల దాణాలో మందు కలిపింది? మనం పారబోసింది మోసుకు తిరుగుతున్నందుకు దాని ఇల్లు కూలుస్తామా?"

"లెక్చర్లు వద్దమ్మా. వెళ్లి పని చూసుకో."

విషం వదిలేవాడికి గేటు ఉంటుంది, గేటుకి కాపలా ఉంటుంది. విషంలో దిగేవాడికీ, దిగే పక్షికీ శిక్ష ఉంటుంది. ఇదేం న్యాయమని అడిగితే లెక్చరంటారు. దేవకృప బయటికొచ్చి గోడ మీద వాలిన కొంగని చూసింది. రెక్క మీద నీలం గీతలు, అచ్చం డాక్టరు చీటీలో మందు పేరులా. మౌలాలిలో ఉన్న తండ్రికి ఫోన్ చేసింది.

యెషయా ముప్పై ఏళ్లు కంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన చదవలేని డాక్టరు చేతిరాత జంటనగరాల్లో లేదు. గురువారం, శుక్రవారం పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చి, చెట్టు కింద కుర్చీ వేసుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. రెట్టలు పడకుండా లచ్చమ్మ గొడుగు పట్టింది. కొంగలు ఒక్కొక్కటే లేస్తుంటే ఆయన ఆదివారం బడిలో హాజరు పిలిచినట్టు పేర్లు చదివాడు.

"ఆ జెంటామైసిన్ రాసిన చెయ్యి మా పాత పెద్ద డాక్టరుగారిదే," అన్నాడు. "పోయాక కూడా ఆయనకి జి రాయడం రాలేదు."

లచ్చమ్మ అన్ని రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

శుక్రవారం ఆఖరి కొంగ ఎగిరిపోయాక యెషయా కూతురిని పిలిచాడు. ఒకప్పుడు తను రోజూ పొట్లాలు కట్టిన పాత మందొకటి ఏ రెక్క మీదా లేదు. కొత్త మందులొచ్చాక కంపెనీలు దాన్ని మర్చిపోయాయి, డాక్టర్లు మర్చిపోయారు, చివరికి క్రిములూ మర్చిపోయినట్టున్నాయి. ఆయన ఆ పేరు ఆమె చెవిలో చెప్పాడు. ఇక్కడ కూడా రాయకపోవడమే మంచిది.

దేవకృప పద్మారావు నగర్‌లో వేరే ల్యాబులో పనిచేసే స్నేహితురాలు ఎమిలీని అడిగి ఆ మందు బిళ్ల ఒకటి తెచ్చింది. మధ్యాహ్నానికల్లా ప్లేటులో పెట్టింది. శనివారం ఎనిమిదిన్నరకి మూత తీసింది. మిగతా బిళ్లల చుట్టూ క్రిములు అంచుదాకా దట్టంగా పెరిగాయి. ఆ ఒక్క బిళ్ల చుట్టూ మాత్రం, చందమామకి వరదగుడి కట్టినట్టు, గుండ్రటి ఖాళీ.

జోగారావు అడ్డుపడ్డాడు. ఆస్పత్రి జాబితాలో లేని మందుని కంప్యూటరు తీసుకోదన్నాడు. దేవకృప తెల్లకాగితం తీసుకుని నీలం పెన్నుతో చేత్తో రాయడం మొదలుపెట్టింది.

"సంతకం పెట్టావంటే ఉద్యోగం పోతుంది."

"ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది సార్. కాలు దొరకదు."

ఎస్ అని పెద్దగా రాసి సంతకం చేసింది. ఆపరేషను గది తలుపు దగ్గర జ్ఞానశేఖర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. చేతి తొడుగులు విప్పేశాడు. ఆ మందు ఇస్తూ, రోజూ రక్తపరీక్ష చేస్తూ ఐదు రోజులు చూద్దామన్నాడు. ఐదో రోజున పర్వతాలు కాలి వేళ్లు కదిపాడు.

మూడో సోమవారం అతన్ని ఇంటికి పంపారు. చెట్టుకి రంపం వచ్చిందీ ఆ సాయంత్రమే. పర్వతాలు కట్టుతోనే నడిచొచ్చి మొదలుకి వీపు ఆనించి నిలబడ్డాడు. రంపం తెచ్చినవాళ్లు అతనితో నాలాలో దిగినవాళ్లే. ఒకరి మొహం ఒకరు చూసుకుని రంపం కింద పెట్టేశారు. కిటికీలోంచి జోగారావు కేకలేస్తుంటే ఒకడు బీడీ వెలిగించాడు.

బ్రహ్మచారి షాపులోంచి పరుగున వచ్చాడు. ఆ మందు పేరేమిటో చెప్పమని, తన దగ్గరా పెడతానని, సందంతటికీ పుణ్యముంటుందని బతిమాలాడు.

"చెప్ప," అన్నాడు పర్వతాలు. "చెప్తే రేపటికెల్లి దగ్గుకి సుత అమ్ముతవు. రెండు గోలీలు మింగి మాలెక్క అందరు ఆపేస్తరు. నెల తిరిగేసరికి గది సుత రెక్క మీదికెక్కుతది. ఏం చేస్కుంటవో చేస్కో."

పైన, నాలా నుంచి అప్పుడే తిరిగొచ్చిన కొంగలు రెక్కలు విప్పాయి. పర్వతాలుని సాగనంపడానికి వచ్చిన దేవకృప తలెత్తి, తండ్రి నేర్పినట్టు ఒక్కొక్కటీ చదివింది. ఆ పేరు లేదు. ఇవాళ్టికి లేదు.

పర్వతాలు కిటికీకేసి చూస్తూ బాగున్న కాలు పైకెత్తాడు. కోసేస్తామన్న ఒంటికాలి మీద నిలబడ్డాడు.