ముప్పై రెండు బొత్తాల టోపీ

నేను ఒక టోపీని. ఎండకూ వానకూ పనికిరాను, నన్ను పెట్టుకుని పెళ్ళికి వెళితే నవ్వుతారు. ఒళ్ళంతా ముప్పై రెండు లోహపు బొత్తాలు, ఒక్కోదానికీ ఓ తీగ. మనిషి తలకు తొడిగి, బొత్తాల కింద జెల్ రాస్తే మెదడులో మెదిలే కరెంటు నాకు వినబడుతుంది. విన్నది కంప్యూటరుకు చేరవేయడమే నా కొలువు.

ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, హైదరాబాదులోని ఈ పరిశోధనశాలకు వచ్చాను. నా మొదటి యజమాని నాతో డాక్టరేటు కొట్టి, కనీసం కడగకుండా వెళ్ళిపోయాడు. తర్వాత మృదుల చేతికొచ్చాను. పిచ్చిపిల్ల, పసిబిడ్డకు పోసినట్టు నన్ను గోరువెచ్చని నీళ్ళతో కడిగేది. ఆరేళ్ళుగా ఆమెది ఒకటే ధ్యాస. పక్షవాతం వచ్చిన మనిషి మనసులో అనుకుంటే చాలు, బల్ల మీది మరచెయ్యి పిడికిలి బిగించాలి.

ఆమె దగ్గరికి సాయిలు వచ్చాడు. జనగామ దర్జీ, కుడిచెయ్యి పడిపోయింది. తలకు నూనె వద్దని ముందే చెప్పినా, పెద్ద చదువుల చోటికి వట్టి తలతో ఎట్లా పోతామని నున్నగా దువ్వుకుని వచ్చాడు. మృదుల తానే షాంపూ పెట్టి కడిగింది.

"గట్టిగా అనుకోండి కాకా, ఇంకా గట్టిగా" అంది. ఆయన అనుకున్నాడు. మరచెయ్యి ఠక్కున ముడుచుకుంది. మృదుల కళ్ళు తుడుచుకుంది.

నాకు మాత్రం అసలు సంగతి తెలుసు. గట్టిగా అనుకోమంటే ఆయన పళ్ళు బిగబట్టాడు. దవడ కండరాల చప్పుడు చెవుల పక్కనున్న నా బొత్తాల్లో డప్పులా మోగింది. దాని ముందు మెదడు మాట చీమ అడుగు. మరచెయ్యి కదిలింది దవడకే. అయ్యో, చెబుదామంటే నాకు నోరేదీ?

నెల గడిచింది. మృదులకు దారి చూపే ప్రొఫెసరు "ఇక థీసిస్ రాసెయ్యమ్మా" అన్నారు. చెయ్యి వస్తుందన్న నమ్మకంతో సాయిలు అమ్మకానికి పెట్టిన కుట్టుమిషను మళ్ళీ ఇంట్లో పెట్టించాడు. మృదుల, సాయిలుల సంబరం చూస్తూ రోజూ ఆయన తల మీద కూర్చున్నాను.

ఒకరోజు జెల్ రాస్తుంటే ఆయనే అన్నాడు. "బిడ్డా, ఏమనుకోకు. దౌడలు గుంజుతున్నయ్. బువ్వ గూడ నమలలేకపోతున్న."

మృదుల జెల్ పక్కన పెట్టి ఆయన దవడ తడిమి చూసింది. "కాకా, ఈసారి నోరు తెరిచి అనుకోండి" అంది మెల్లగా.

తెరిచాడు. అనుకున్నాడు. మరచెయ్యి కదల్లేదు.

"కరెంటు పోయిందా బిడ్డా?"

ఆమె దాచలేదు. ఇన్నాళ్ళూ మరచేతిని కదిపింది పళ్ళ బిగింపేనని, తప్పు తనదేనని చెప్పింది. రాసిన నాలుగు అధ్యాయాలూ వృథా. సాయిలు కుడిచేతిని ఎడమచేత్తో నిమురుకున్నాడు.

"మిషను అమ్మనని అందరికి చెప్పిన" అన్నాడు. తర్వాత, "సరే తియ్. నోరు తెరుసుకునే చేద్దాం" అని మళ్ళీ నోరు తెరిచాడు.

గంటసేపు అలాగే ఉన్నాడు. ఆ గంటసేపూ ఆయన మెదడు పిడికిలి బిగించమని అంటూనే ఉంది, నాకు వినబడుతూనే ఉంది. నా పాత తీగల గరగరలో ఆ మాట కంప్యూటరుకు చేరేలోపే పోయింది. మృదుల ఏ జాడా లేని కంప్యూటరు తెర వంక చూసి తల దించుకుంది. ఆయన మెదడు అంటూనే ఉందమ్మా అని చెప్పాలనుకున్నాను. నాకు చేతకాలేదు.