రెండో కాపీ

నల్ల మార్కరు మూత పళ్లతో లాగి, గుమాస్తా నాలుగో పేజీలో ఒక పిల్లవాడి పేరును దిద్ది దిద్ది మూసేశాడు. ఆయన బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. ఆఫీసులో అందరికీ ఆయన మసి గుమాస్తా. పిల్లల కోర్టులో పద్దెనిమిదేళ్లుగా అదే పని, తీర్పు కాపీలు బయటికి వెళ్లేముందు పిల్లల పేర్లు కనబడకుండా చెయ్యడం. అందులో ఒక మెలిక ఉంది. మసి పూసిన కాగితాన్ని వెలుతురుకు ఎత్తితే అక్షరాలు తెలిసిపోతాయి. అందుకే దాన్ని మళ్లీ జిరాక్సు తీసి, ఆ రెండో కాపీయే ఇవ్వాలి.

పోయిన నెల ఒక విలేకరికి మొదటిదే ఇచ్చేశాడు. భోజనం వేళ, కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి, మిషను వేడెక్కాలంటే అయిదు నిమిషాలు. విలేకరి ఆ పేరు అచ్చు వేయలేదు గానీ నోరు మూసుకోలేదు. దొంగతనం కేసులో ఏ తప్పూ లేదని తేలిన పిల్ల పేరు వారం తిరక్కుండా ఊరంతా తిరిగింది. పైఅధికారి అడిగితే, "రెండో కాపీయే ఇచ్చానండి" అన్నాడు కళ్లార్పకుండా. ఆ పెద్దమనిషి నమ్మాడు కూడా. అప్పటినుంచి ఈయనకు అన్నం సయించడం లేదు. ఏమైందని భార్య అడిగితే ఆమె మీద ఎగురుతున్నాడు.

ఇవాళ ఆ పిల్ల తల్లి వచ్చింది. ఆమె అందించిన దరఖాస్తులో కేసు నంబరు చూడగానే ఆయన పోల్చుకున్నాడు.

"తీర్పు కాపీ కావాలి బాబూ. సాయంత్రం బండికి ఊరొదిలి వెళ్లిపోతున్నాం. ఇక్కడి మాటలు అక్కడికీ వస్తే చూపించాలి కదా." గుర్తింపు కోసం పిల్ల బడి కార్డు బల్లమీద పెట్టింది. "పేరు మాత్రం జాగ్రత్త బాబూ. మీకు పుణ్యముంటుంది."

ఇంటివాళ్లకిచ్చే కాపీలోనూ పేరు ఉండకూడదు, కేసు నంబరే ఉంటుంది. ఆయన ప్రతి పేజీలోనూ పేరుకు మసి పూసి, జిరాక్సు తీసి, తీసినదాన్ని మళ్లీ తీశాడు. ముద్ర వేశాడు. చెబితే ఉద్యోగం పోవచ్చు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేడు.

"ఆ రోజు విలేకరికి కాగితం ఇచ్చింది నేనేనమ్మా. వెలుతురుకు పెడితే పేరు కనబడుతుందని తెలుసు. మళ్లీ జిరాక్సు తియ్యలేదు. అన్నానికి వేళయిందని..."

ఆమె కాగితాలు అందుకుంది.

"తిన్నారా మరి?"

"తిన్నానమ్మా." సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

ఆమె ఒక్కో కాగితాన్నీ కిటికీ వైపు ఎత్తి చూసుకుంది. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటున్నా తొందరపడలేదు. అన్నీ చూశాక మడిచి సంచిలో పెట్టుకుని నడిచింది.

"అమ్మా, కార్డు!"

"ఆ బడితో మాకింకేం పని?" అంది, వెనక్కి తిరక్కుండానే.

బల్లమీద కార్డు ఉండిపోయింది. రెండు జడలు, నవ్వు మొహం, కింద గుండ్రటి అక్షరాల్లో పిల్ల పేరు.