లిడియా తెచ్చిన కాగితం

సౌజన్య టీచర్ అంటే నాకు గిట్టదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను.

నా మనవరాలు లిడియా మూడో తరగతి. తల్లి హెప్సిబా, అంటే నా కూతురు, విజయవాడలో నర్సు. ఆదివారం వచ్చి సోమవారం తొలి బస్సుకి పోతుంది. అల్లుడి సంగతి అడగొద్దు. నా భార్య అక్కమ్మ పోయి నాలుగేళ్లయింది. తిరువూరులో మా ఇంట్లో ఉండేది నేనూ, పిల్లా.

ఏటా కోత పండుగకి మా చర్చిలో పిల్లలకి పోటీ పెడతారు. సంఘం చరిత్ర అని ఒక కాగితం ఉంది. ఒకప్పటి సంఘపెద్ద సుందరరావు మాస్టారు రాసి అచ్చు వేయించాడు. దాన్ని తప్పు లేకుండా, అందరికంటే త్వరగా అప్పజెప్పిన వాళ్ళకి స్టీలు క్యారేజీ ఇస్తారు. ప్రెస్సువాడు అందులో ఎక్కడా చుక్క గానీ కామా గానీ పెట్టలేదు. పిల్లలు ఒక్క ఊపిరిలో లాగేస్తారు. ఎవరూ వినరు.

ఎవరూ వినకపోవడమే నాకు కావాలి. ఆ కాగితంలో నా గురించి నాలుగు ముక్కలున్నాయి. పేరు లేదు. పాతవాళ్ళకి తెలుసు, పైకి అనరు. లిడియాకి తెలియదు. తెలియకూడదు. అందుకే నేనే కూర్చోబెట్టి నేర్పాను. పెనుగొలను బడిలో ఐదో తరగతి దాకా నాకు నేర్పిన పద్ధతే. ఆగితే తొడపాశం. రెండేళ్లుగా క్యారేజీ మాదే.

ఈ ఏడు పిల్ల ఆగడం మొదలుపెట్టింది.

"ఎందుకే ఆగుతావు?"

"వాక్యం అయిపోయింది కదా తాతా. ఆగి, ఏం చదివానో ఆలోచించుకోమంది టీచర్."

"మీ టీచర్ ఇస్తుందా క్యారేజీ?"

"ఇంట్లో రెండున్నాయిగా," అంది.

శుక్రవారం మధ్యాహ్నం బడికి పోయాను. సౌజన్యకి ముప్పై ఏళ్లుంటాయేమో. ఎ.కొండూరు నుంచి స్కూటీ మీద వస్తుంది. చాప మీద అయిదుగురు పిల్లలు, మధ్యలో తను.

"మా పిల్లని పాడు చేస్తున్నారు మీరు," అన్నాను గుమ్మంలోంచే.

"కూర్చోండి తాతగారూ. అయిపోయాక తిడుదురుగాని."

పిల్లలు నవ్వారు. వెనక బల్ల మీద కూర్చున్నాను.

శుక్రవారాలు ఆమెకొక పద్ధతి ఉందట. ఇంట్లో దొరికిన అచ్చు కాగితం ఏదో ఒకటి ఒక్కో వారం ఒక్కొక్కరు తెస్తారు. అందరూ కలిసి చదువుతారు. పోయిన వారం వంశీకృష్ణ అనేవాడు పత్తి మందు డబ్బాలో కాగితం తెచ్చాడు. అంతకుముందు వినీల తెచ్చింది వాళ్ళ పిన్ని పెళ్లి కార్డు.

"ఇవాళ ఎవరి వంతు?"

లిడియా సంచిలోంచి పసుపుపచ్చ కాగితం తీసింది.

నేను లేచాను. "అది చర్చిది. బళ్ళో చదవకూడదు."

"దేవుడి వాక్యమా లిడియా?"

"కాదు టీచర్. చర్చి ఎలా కట్టారో ఉంటుంది."

"మన ఊరి సంగతే కదండీ. కూర్చోండి."

లాక్కోవచ్చు. అయిదుగురు పిల్లలూ నా చేతులకేసే చూస్తున్నారు. కూర్చున్నాను.

ఆమె కొంత భాగం బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాసింది. ముందు ఎవరికి వాళ్ళు మెల్లగా చదువుకోమంది. ఒక్కొక్కరి దగ్గరికీ వంగి వింది. నేను వెనక ఉన్నాననేమో, లిడియా చర్చిలో చెప్పినట్టే లాగేసింది.

"ఈ బండికి బ్రేకుల్లేవు టీచర్," అంది వినీల.

"బ్రేకులు మనమే వేద్దాం. మాట ఎక్కడ పూర్తయిందో చెప్పండి." పిల్లలు చెబుతుంటే ఎర్ర సుద్దతో చుక్కలు పెట్టింది. చిన్న ఊపిరికి కామా. తర్వాత అందరూ కలిసి చదివారు.

"గోడలు లేచెను. గంట లేదు. గంట కొరకు అక్కమ్మ తన రెండు బంగారు గాజులు ఇచ్చెను. ఆమె భర్త వచ్చి, అందరి ఎదుట ఆమెను కొట్టి, గాజులు తీసుకొని పోయెను. మరుసటి ఆదివారము ఆమె వాటినే మరల తెచ్చెను."

ముప్పై ఏళ్లలో ఆ ముక్కలు అంత నెమ్మదిగా ఎప్పుడూ వినలేదు.

"గాజులు ఎందుకిచ్చింది?"

"గంటకి!"

"భర్త ఎందుకు కొట్టాడు?"

"అడక్కుండా ఇచ్చిందని," అన్నాడు వంశీకృష్ణ.

"గాజులు ఆవిడవే కదరా. ఎవర్నడగాలి?" అంది వినీల.

"తాగొచ్చి ఉంటాడు."

తాగలేదు. ఆ రోజు తాగలేదు.

"తాగాడని కాగితంలో ఉందా? ఉన్నదే చెప్పండి," అంది టీచర్.

 లిడియా బోర్డునే చూస్తోంది. రెండేళ్లు చర్చిలో నిలబడి అందరి ముందూ చెప్పిన పిల్ల.

"మా అమ్మమ్మ పేరు కూడా అక్కమ్మే," అంది.

సౌజన్య నాకేసి చూసింది. నా మొహంలో ఏం కనబడిందో, వెంటనే డస్టరు అందుకుంది. "ఈ రోజుకి చాలు. లెక్కల పుస్తకాలు తీయండి."

"చెరపొద్దు టీచర్."

లిడియా లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది. "తాతా, నువ్వేనా?"

వేరే అక్కమ్మ అంటే సరిపోయేది. మా చర్చిలో ముగ్గురున్నారు.

"నేనే," అన్నాను.

"మళ్ళీ తెచ్చినప్పుడు? అప్పుడూ కొట్టావా?"

"కాగితంలో లేదు కదా."

"లేదనే అడుగుతున్నా."

"కొట్టాను. ఇంటికొచ్చాక."

పిల్ల వెళ్ళి చాప మీద కూర్చుంది. 

సౌజన్య గేటు దాకా నా వెనకే వచ్చింది. "నిజంగా నాకు తెలియదండి. తెలిస్తే ఆ ప్రశ్న అడిగేదాన్ని కాదు."

"తెలిస్తే అడగరా? మరి మీరు చెప్పేది ఏం చదువు?" అన్నాను.

 ఆమెను బాధపెట్టాలనే అన్నాను. బాధపడింది. నాకేం ఒరగలేదు.

టీసీ ఇప్పించుకుని వేరే బళ్ళో వేద్దామనుకున్నాను. హెప్సిబా ఎందుకని అడుగుతుంది. పండుగకి పిల్లని పంపకుండా ఆపుదామనుకున్నాను. అదీ ఎందుకని అడుగుతారు. వారం రోజులు లిడియా నాతో కావలసినంతే మాట్లాడింది. అన్నం, పలక, తాళంచెవి. కాగితం అప్పజెప్పమని నేను కూర్చోబెట్టలేదు.

పండుగ రోజు తన వంతు వచ్చింది. పాస్టరుగారు గడియారం చూసి "ఊఁ" అన్నారు. లిడియా ఆగి ఆగి చెప్పింది. ఆ చోటికి వచ్చేసరికి ఇంకా నెమ్మది చేసింది. ఆడవాళ్ళ వైపు విసనకర్రలు ఆగాయి. ఎన్నో ఏళ్లుగా ప్రతి ఏడూ వింటున్నవాళ్ళే. నాకేసి ఒక్కరూ చూడలేదు. చూసినా బాగుండేది. హెప్సిబా మాత్రం తల వంచుకుంది. తనకి ముందే తెలుసని అప్పుడు నాకర్థమైంది.

క్యారేజీ మా సంఘంలోని ఐజాక్ మనవడికి పోయింది.

హెప్సిబా భోజనాల దగ్గర వడ్డించడానికి ఉండిపోయింది. నేనూ లిడియా బయల్దేరాం. మెయిన్ రోడ్డు మీద విజయవాడ బస్సు, దాని వెనక పత్తి లారీలు. దాటడానికి చెయ్యి చాపాను. పిల్ల తన సంచిని నా వైపు చేతిలోకి మార్చుకుని, రెండు వైపులా చూసుకుని, నాకంటే ముందే దాటింది.